మెడనొప్పి, సూదులు, అరగంట తీరిక

ఫిల్మ్‌నగర్‌లో ఎవరైనా నొప్పి అన్నారంటే చాలు, పక్కనున్నవాళ్లు ఏదో ఒక క్లినిక్ పేరు చెప్పేస్తారు. ఫలానా హీరోకి మోకాలు అక్కడే తగ్గిందట, ఫలానా డ్యాన్స్ మాస్టర్‌కి నడుము సర్దుకుందట. ఏళ్ల తరబడి ఎడిటింగ్ గదిలో కూర్చుని కూర్చుని నా మెడ కుడివైపు పట్టేసింది. సలహా ఇచ్చినవాళ్లలో చాలామంది ఆక్యుపంక్చర్ అన్నారు. ముందు ఎముకల డాక్టర్‌కి చూపించుకున్నాను. నరం ఎక్కడా నొక్కుకోలేదు, వ్యాయామం చెయ్యమన్నారు. చేస్తున్నాను, చాలావరకు తగ్గింది. మిగిలిన ఆ కాస్త నొప్పికి సూదులు గుచ్చించుకోవాలా వద్దా అని కొంతకాలంగా ఆలోచిస్తున్నాను.

ఈ వైద్యం మన దేశానికి వచ్చిన కథలో సినిమావాళ్లకు తెలిసిన పేరొకటుంది. 1946లో శాంతారాం ‘డాక్టర్ కోట్నిస్ కీ అమర్ కహానీ’ తీశారు. 1938లో కాంగ్రెస్ చైనాకు పంపిన అయిదుగురు డాక్టర్లలో కోట్నిస్ ఒకరు. 1942లో అక్కడే కన్నుమూశారు. అదే బృందంలో వెళ్లి తిరిగొచ్చిన బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి, సూదుల వైద్యం నేర్చుకొచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. 2019లో కేంద్ర ప్రభుత్వం దీన్ని స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది. ప్రకృతి వైద్యం డిగ్రీ చదివేవాళ్లకు ఇది పాఠ్యాంశం కూడా. అయితే ప్రభుత్వ గుర్తింపు వేరు, నా మెడ తగ్గడం వేరు.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది 2007లో అచ్చయిన ఒక జర్మన్ పరిశోధన. చాలాకాలంగా నడుమునొప్పితో బాధపడుతున్న 1,162 మందిని మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు చైనా వైద్యం చెప్పిన చోట్ల, చెప్పినంత లోతున సూదులు గుచ్చారు. రెండో జట్టుకు సంబంధం లేని చోట్ల పైపైన గుచ్చారు. మూడో జట్టుకు మామూలుగా ఇచ్చే మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆర్నెల్ల తర్వాత చూస్తే మొదటి జట్టులో 47.6 శాతం మందికి, రెండోదాంట్లో 44.2 శాతం మందికి గుణం కనిపించింది. మూడో జట్టులో 27.4 శాతమే.

సూది ఎక్కడ దిగిందన్నదాంతో పెద్ద తేడా రాలేదు. అయినా సూదుల జట్లు రెండూ మూడోదాన్ని బాగా దాటిపోయాయి. మరి ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? అరగంట కదలకుండా పడుకోవడం. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి అని ఒక మనిషి అడిగి వినడం. ఆ చెయ్యి ఒంటిమీద పడడం. మళ్లీ మళ్లీ అదే మనిషి దగ్గరికి వెళ్లడం. ఒంట్లో ప్రాణశక్తి పారే దారులున్నాయన్న చైనా వైద్య సిద్ధాంతాన్ని నేను నమ్మలేను. ఆ అరగంటకు మాత్రం విలువుందని నమ్ముతున్నాను. అలాగని అంతా మనసు మాయ అని కొట్టిపారెయ్యను. దాదాపు 20 వేల మంది రోగుల వివరాలు కలిపి 2018లో చేసిన విశ్లేషణలో అసలు సూదులే కొద్దిగా మెరుగని తేలింది. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి మార్గదర్శకాలు రాసే సంస్థ 2016లో నడుమునొప్పికి ఇది వద్దంది. అదే సంస్థ 2021లో, సరైన కారణం దొరకని దీర్ఘకాలిక నొప్పికి ఒక విడత ప్రయత్నించవచ్చంది.

అందుకే ఒక విడత చేయించుకుందామని నిర్ణయించుకున్నాను. తేడా తెలియకపోతే అక్కడితో ఆపేస్తాను. షుగర్, బీపీ కూడా సూదులతోనే పోతాయి, మాత్రలు మానెయ్యండి అనే చోట అడుగు కూడా పెట్టను. సూదుల ప్యాకెట్ నా ఎదురుగానే విప్పాలి, వాడినవాటిని అక్కడికక్కడే పారెయ్యాలి. ఒకరికి గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చితే హెపటైటిస్ బి లాంటివి అంటుకుంటాయి. మెడ, భుజాల దగ్గర సూది మరీ లోతుకు పోతే ఊపిరితిత్తికి తగలొచ్చు. అరుదే అయినా చిన్న ప్రమాదం కాదు. అందుకే శరీర నిర్మాణం శ్రద్ధగా చదివినవాళ్లే గుచ్చాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఈ ఆలోచనలన్నీ సెట్లో ఒక లైట్‌మన్‌తో పంచుకున్నాను. అతనిదీ నడుమునొప్పే. “సూదులంటే భయం లేదన్నా, అరగంట పడుకోనిచ్చేదెవరు?” అన్నాడు. తెల్లారకముందే కృష్ణానగర్‌లో యూనిట్ బండెక్కి, రాత్రిదాకా లైట్లు ఎత్తి దించే మనిషి అతను. పని మానుకుని క్లినిక్‌కి వెళ్తే ఆ రోజు కూలీ పోతుంది. హీరోకు మెడ పట్టేస్తే ఫిజియోథెరపిస్టు క్యారవాన్ దగ్గరికే వస్తాడు. సినిమాలోని ఇరవై నాలుగు క్రాఫ్టుల్లో బరువులు మోసేవాళ్లకు, ఫైటర్లకు, డ్యాన్సర్లకు కూడా సెట్లో అలాంటి మనిషి ఒకరుండాలి. వాళ్ల నొప్పి విని, ఒంటిమీద చెయ్యివేసి చూసి, బరువెలా ఎత్తాలో నేర్పే మనిషి. ఒక పాటకు వేసే సెట్ ఖర్చు ముందు ఆ జీతం లెక్కలోకి రాదు. వచ్చే షెడ్యూలు మొదలయ్యేలోపు మా ప్రొడక్షన్ మేనేజర్‌ని ఈ మాట అడగబోతున్నాను.