రిసీట్‌లో పలకని పీ

తిరుమలలో అక్షరం ముక్క రాని యాత్రికుడు కూడా తప్పు పలకని ఇంగ్లీషు మాట క్యూ. స్పెల్లింగులో అయిదక్షరాలు. మొదటిదాని పేరు పలికితే మాట పూర్తయినట్టే. తక్కిన నాలుగూ ఊరికే వెనక నిలబడి ఉంటాయి. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో గంటలు గడిపినవాళ్లకు ఆ స్పెల్లింగుతో పని పడదు. మాట చెవిన పడుతుంది, నోటికి వస్తుంది. అదే యాత్రికుడి చేతిలోని కాగితాన్ని చదువుకున్న కొడుకు ‘రిసిప్ట్’ అంటాడు. అందులో పీ పలకదు, రిసీట్ అనాలి. తండ్రి మాత్రం హాయిగా రశీదు అంటాడు. పారశీకం నుంచి వచ్చిన ఆ మాటదీ చెవి దారే.

కొడుకుది అజ్ఞానం కాదు, గుణింతం నేర్పిన నమ్మకం. తెలుగులో రాసింది దాదాపు రాసినట్టే పలుకుతుంది. ఇంగ్లీషులో ఆ పీ చెవి కోసం పెట్టింది కాదు. లాటిన్ మూలం కంటికి కనపడాలని పాత పండితులు చేర్చింది. అప్పును చెప్పే ‘డెట్’లో బీ కూడా అలాంటిదే. ‘నైట్’లోని జీ, హెచ్‌ల కథ వేరు. ఒకప్పుడు గొంతులోంచి పలికే ధ్వనికి అవి గుర్తు. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండులో ముద్రణ మొదలుపెట్టాక స్పెల్లింగులు మెల్లగా కుదురుకున్నాయి గానీ ఉచ్చారణ ఆగలేదు. ధ్వని పోయింది, అక్షరాలు మిగిలాయి. ‘దో’, ‘త్రూ’, ‘కాఫ్’, ‘బౌ’ మాటల చివర ఓ, యూ, జీ, హెచ్ అదే వరసలో ఉంటాయంటే పిల్లలు నవ్వుతారు. నవ్వడం న్యాయమే.

దక్షిణాదిలో మరో చిక్కు. ‘త’ రాయాలంటే టీ పక్కన హెచ్ పెట్టడం ఇక్కడి అలవాటు. తిరుపతి పేరే ఒక బోర్డు మీద హెచ్‌తో, ఇంకో బోర్డు మీద హెచ్ లేకుండా కనిపిస్తుంది. స్పెల్లింగులో టీ పక్కన హెచ్ చూసి లండన్ నదిని కూడా ఇక్కడ ‘థేమ్స్’ అంటారు. అక్కడివాళ్లకు అది ‘టెమ్జ్’.

నేర్చుకునేటప్పుడు మాట ముందు వినాలి, తర్వాత చూడాలి. నోటుబుక్కులో రాసుకున్నాక పలకని అక్షరాన్ని పెన్సిలుతో అడ్డంగా కొట్టేస్తే కన్ను దానికి అలవాటు పడుతుంది. పక్కన తెలుగులో రాసుకోవడం సగమే అక్కరకొస్తుంది: ‘జూ’ అని రాస్తే తెలుగు జ పలుకుతుంది తప్ప ఇంగ్లీషు జెడ్ రాదు. ఏ ముక్కను నొక్కి పలకాలో కూడా తెలుగు లిపి చెప్పదు. ఫోటోగ్రాఫ్‌లో మొదటి ముక్కను నొక్కుతారు, ఫొటోగ్రఫీలో రెండోదాన్ని. నొక్కు తప్పిన చోట అచ్చు పలచబడిపోతుంది. డిక్షనరీలో నొక్కి పలికే ముక్కకు ముందు, పైన, చిన్న నిలువుగీత ఉంటుంది. అర్థం కోసం డిక్షనరీ తెరిచినవాళ్లు దాన్ని గమనించకుండానే మూసేస్తారు.