యోబు కథ 11 నిమిషాల్లో

వేదాంతమంటే పాస్టరుగారి బీరువాలోని లావుపాటి పుస్తకాలన్న భయం మనలో చాలామందికి ఉంది. 2014లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో టిమ్ మాకీ, జాన్ కాలిన్స్ మొదలుపెట్టిన 'బైబిల్ ప్రాజెక్ట్' వీడియోలు ఆ బీరువా తలుపులు బార్లా తెరిచాయి. పైసా ఇవ్వక్కర్లేదు. ఫోన్‌లో బొమ్మలు కదులుతుంటే పక్కన కూర్చుని ఎవరో కబుర్లు చెబుతున్నట్టుంటుంది.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. పరిశుద్ధాత్మ మీద తీసిన వీడియో నాకెంతో నచ్చింది. హెబ్రీలో గాలికీ, ఊపిరికీ, ఆత్మకీ 'రూఆహ్' అని ఒక్కటే మాట. మన బైబిల్లో 'ఆత్మ' అని చదివితే గాలి తగలదు కదా! ఇది తెలిశాక యెహెజ్కేలు చూసిన ఎండిన ఎముకల లోయ చదవండి, ఒళ్ళు జలదరిస్తుంది. వేదాంత కళాశాల గడప తొక్కని ఆడవాళ్ళకి ఇంత విడమరిచి చెప్పినవాళ్ళు ఎందరున్నారు?

యోబు గ్రంథం దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. 42 అధ్యాయాలు సుమారు 11 నిమిషాల్లో అయిపోతాయి. గ్రంథం అమరిక చక్కగా విప్పి చెప్పారు, కాదనను. కానీ యోబు స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ నోరు మెదపకుండా నేలమీద కూర్చున్నారే, అది ఏ కుంచెకి అందుతుంది? ప్రశ్న మనకి గుచ్చుకునేలోపే దేవుడు సుడిగాలిలోంచి జవాబు మొదలుపెట్టేస్తాడు. బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఆ తెర ముందు కూర్చుని "నాకే ఎందుకిలా?" అంటే, బొమ్మ ఆగదు.

అంచేత స్త్రీల కూటంలో ఎవరైనా ఈ వీడియో వేస్తే, స్నేహితులు వచ్చి కూర్చునే చోట ఆపెయ్యమంటాను. మిగతాది వచ్చే వారం చూసుకోవచ్చు.