బోటు చెప్పే చోటు, ఫోను చెప్పే చోటు

గుడివాడ, బందరు వీధుల్లో పెద్దవాళ్లిద్దరే మిగిలిన ఇళ్లు చాలా ఉన్నాయి. పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో స్థిరపడ్డారు. అలాంటి ఇంటికి సెలవుల్లో వచ్చిన అబ్బాయి గేటు లైటునూ బోరు మోటారునూ వరండా కెమెరానూ ఒక చిన్న కంప్యూటరుకు కలిపి, అందులో హోమ్ అసిస్టెంట్ పెట్టి వెళ్తాడు. పాలస్ స్కౌట్సెన్ 2013లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. నాన్న ఫోను ఇంటికి దగ్గరపడగానే గేటు లైటు వెలగాలన్నది అబ్బాయి కోరిక. తీరా అది నాన్న లోపలికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాక వెలుగుతుంది. ఇంకోసారి ఆయన రైలెక్కి కవుతరం, పెడన దాటిపోయినా కొడుకు చూసే తెర మీద ‘ఇంట్లో’ అనే ఉంటుంది.

ఇదే కృష్ణా జిల్లాలో, గిలకలదిండి హార్బరు నుంచి వేటకెళ్లే బోట్ల విషయంలోనూ అడిగే ప్రశ్న ఇదే: మనిషి ఎక్కడున్నాడు? ఈ ప్రశ్నకు బోటు పరికరం ఒక రకంగా, ఫోను మరో రకంగా జవాబిస్తాయి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఫోను ఆలస్యానికి కారణం చాలావరకు తేటపడుతుంది.

నావలు తమ చోటు చెప్పుకోవడానికి వాడే ఏఐఎస్‌లో చిన్నవాటి కోసం క్లాస్ బి అనే రకం ఉంది. వేగం రెండు నాట్లు దాటితే అది 30 సెకన్లకోసారి రేడియోలో తన చోటు చెబుతుంది. నిలిచి ఉంటే మూడు నిమిషాలకోసారి చెబుతుంది. ఎనిమిది నాట్ల మీద వెళ్లే బోటు రెండు కబుర్ల మధ్య సాగేది సుమారు 120 మీటర్లు. ఫోను సంగతి వేరు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి, వెనకాల నడిచే యాప్‌కు కొత్త లొకేషన్ గంటకు కొద్దిసార్లే అందుతుంది. గంటకు నాలుగుసార్లు అనుకుందాం. నలభై కిలోమీటర్ల వేగంతో బండి మీద పోయే మనిషి ఈలోపు పది కిలోమీటర్లు వెళ్తాడు. గుడివాడలో బయల్దేరినవాడు గుడ్లవల్లేరు చేరువకు వచ్చేదాకా ఫోను కిక్కురుమనకపోవచ్చు.

ఐఫోను కూడా పొదుపరే. పెద్ద కదలికలను మాత్రమే పట్టే పద్ధతిలో అది సుమారు 500 మీటర్లు జరిగితేనే కబురిస్తుంది, అదీ ఐదు నిమిషాలకు ఒకసారికి మించకుండా. దీన్ని లోపమని కొట్టిపారేయను. బోటులో ఇంజను ఉంది, పెద్ద బ్యాటరీ ఉంది. జేబులో ఫోను సాయంత్రం దాకా బతకాలి.

నాకు అసలు అభ్యంతరం ఆలస్యం మీద కాదు, మౌనం మీద. ఏఐఎస్ సందేశంలో చోటు పట్టిన సెకను చెప్పే చిన్న గడి ఉంటుంది. అందులో 0 నుంచి 59 దాకా సెకన్లు. ఆ పైన 62 వస్తే ‘ఇది అంచనా కట్టిన చోటు’ అని, 63 వస్తే ‘నా చోటు పట్టే యంత్రం పనిచేయడం లేదు’ అని. తనకు తెలియదని చెప్పే వీలు పరికరానికి పుట్టుకతోనే ఇచ్చారు. హోమ్ అసిస్టెంట్ ఫోను యాప్ సర్వరుకు పంపే లొకేషన్ సందేశంలో అక్షాంశ రేఖాంశాలు, ఖచ్చితత్వం, వేగం, బ్యాటరీ శాతం ఉంటాయి కానీ ఆ చోటు పట్టిన సమయానికి గడి లేదు. పైగా కొత్త కబురు రాకపోతే పాత స్థితే తెర మీద నిలిచిపోతుంది. కదలకుండా కూర్చున్న మనిషీ, యాప్ చచ్చిపోయిన ఫోనూ కొడుకు కంటికి ఒకేలా కనిపిస్తారు.

1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న సీమ ఇది. తుఫాను ఎక్కడుంది అన్నదానికి అది ఎప్పటి సంగతి అన్నది జోడు లేకపోతే ఏమవుతుందో ఇక్కడివాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈ రోజు బందరు వాతావరణ రాడారు ఇచ్చే ప్రతి బొమ్మ మీదా అది తీసిన తేదీ, సమయం అచ్చయి ఉంటాయి. ఇంట్లో పెట్టుకున్న వ్యవస్థ నుంచీ నేను అంతే కోరుతున్నాను.

అందుకే ఆలస్యం ఎక్కడ పుడుతోందో వెతికేటప్పుడు ముందు మౌనాన్ని విడదీయాలి. ఆండ్రాయిడ్ యాప్ బ్యాటరీ శాతం లాంటి వివరాలను సుమారు పావుగంటకోసారి పంపుతుంది. బ్యాటరీ కబురు వస్తూ లొకేషన్ రాకపోతే లోపం లొకేషన్ వైపే: ‘ఎల్లప్పుడూ’ అనుమతి ఇవ్వకపోవడమో, ఖచ్చితమైన లొకేషన్ ఆపి ఉండడమో. రెండూ రాకపోతే ఫోను యాప్‌ను నిద్రపుచ్చిందన్నమాట, లేదా ఇంటి సర్వరుకు బయటి నుంచి దారి లేదు. ఆ రెండోది ఇట్టే పట్టుబడుతుంది. ఇంటి వైఫై దాటగానే కబుర్లు ఆగి, తిరిగొచ్చి వైఫైలో చేరగానే మొదలైతే, యాప్‌లో బయటి చిరునామా పనిచేయడం లేదని అర్థం. నిద్రపుచ్చే గుణం కొన్ని కంపెనీల ఫోన్లలో మరీ ఎక్కువ. బ్యాటరీ పొదుపు నుంచి యాప్‌ను మినహాయించి, ఆటోస్టార్టుకు అనుమతివ్వాలి.

ఇదే జిల్లాలోని దివిసీమలో దీనికి తోడు ఇంకో చిక్కుంది. చుట్టుపక్కల వైఫైలు ఉన్నచోట ఫోను తన చోటును 20 నుంచి 50 మీటర్ల తేడాతో చెప్పగలదు. నాగాయలంక దాటి ఎదురుమొండి వైపు పోతే పొలాలూ చెరువులూ నీళ్లే. అక్కడ జీపీఎస్ వాడకుండా టవర్లను బట్టి చెప్పే చోటులో తేడా వందల మీటర్ల నుంచి కిలోమీటర్ల దాకా పోతుంది. యాప్‌లో కనీస ఖచ్చితత్వం మొదట 200 మీటర్లుగా పెట్టి ఉంటుంది. అంతకన్నా తేడా ఉన్న కబురును యాప్ పారేస్తుంది. ఫోను చెప్పింది, యాప్ వద్దంది, సర్వరుకు సంగతే తెలియదు. ఆండ్రాయిడ్ యాప్‌లో ట్రబుల్‌షూటింగ్ కింద ఉన్న లొకేషన్ చరిత్ర తెరిస్తే ఏ కబురు వెళ్లిందో, ఏది ఎందుకు ఆగిందో కనిపిస్తుంది. సెట్టింగులన్నీ కెలికేముందు చూడాల్సింది అదే.

గుడివాడ ఇంటి గేటు లైటుకు మాత్రం మందు వేరే. ఇంటి చుట్టూ గీసే వలయం మొదట వంద మీటర్లే ఉంటుంది. వలయం దాటిన కబురు ఆండ్రాయిడ్‌లో సగటున రెండు మూడు నిమిషాలు, ఫోను చాలాసేపు కదలకుండా ఉంటే ఆరు నిమిషాల దాకా ఆలస్యం కావచ్చు. నలభై వేగంతో వచ్చే బండికి మూడు నిమిషాలంటే రెండు కిలోమీటర్లు. వంద మీటర్ల గీత ఎప్పుడు దాటాడో ఆ ఫోను సకాలంలో చెప్పలేదు. రెండు కిలోమీటర్ల వ్యాసార్థంతో ‘దగ్గర్లో’ అని ఇంకో వలయం గీసి లైటును దానికి కట్టాలి. ‘ఇంట్లో’ అన్నదాన్ని వైఫైకి వదిలేయాలి. అయితే వైఫైని బట్టి చెప్పే పద్ధతుల్లో మనిషి వెళ్లిపోయాక కూడా మూడు నిమిషాలపాటు ‘ఇంట్లోనే’ అని ఉంచే అమరిక మామూలు. వ్యక్తి స్థితిని తేల్చేటప్పుడు హోమ్ అసిస్టెంట్ జీపీఎస్ కన్నా ఆ మాటకే విలువిస్తుంది. వెళ్లినట్టు ఆలస్యంగా తెలియడానికి ఇదీ ఒక కారణం.

బోటు పద్ధతిని ఫోనులోకి తెచ్చే మార్గమూ ఉంది. యాప్‌లోని హై అక్యురసీ మోడ్ ఐదు సెకన్లకోసారి చోటు పడుతుంది, బ్యాటరీనీ అలాగే తాగుతుంది. కారు బ్లూటూత్ కలిసినప్పుడు మాత్రమే నడిచేలా పెడితే నష్టం తక్కువ. కదులుతున్నప్పుడు తరచుగా, నిలిచినప్పుడు అరుదుగా అన్న ఏఐఎస్ నియమమే ఇది.

అంతమాత్రాన బోటు పద్ధతిని నెత్తిన పెట్టుకోను. ఏఐఎస్ తన చోటు ఊరందరికీ చాటుతుంది. చేపలు పడే చోటు పదిమందికీ తెలియడం ఏ సరంగుకు ఇష్టం? ఇంట్లో మనిషి కదలికలు అలా బయటపడటం ఇంకా ప్రమాదం. పైగా ఏఐఎస్ రేడియోకు ఎదురుగా చూపు ఆనినంత మేరే దారి. 2024 ఆగస్టు 30న ప్రారంభమైన కేంద్ర పథకం లక్ష బోట్లకు ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లు అమర్చాలని తలపెట్టింది. అవి ఉపగ్రహం మీదుగా మాట్లాడతాయి, ఆపద కబురు పంపుతాయి, ఒడ్డు నుంచి వచ్చే హెచ్చరికను బోటుకు చేరుస్తాయి. ఫోను లొకేషన్ ఇంటికి చేరుతుంది, ఇంటి నుంచి నాన్నకు మాత్రం ‘నీ కబురు అందడం లేదు’ అని చెప్పేవారు లేరు. ఆటోమేషన్‌లో ఆ ఒక్క నోటిఫికేషను రాయడం కష్టమేమీ కాదు: బ్యాటరీ కబురు గంటసేపు రాకపోతే కొడుకు ఫోనుకొకటి, ఇంట్లో అమ్మ ఫోనుకొకటి. ఆగిపోయిన ఫోనుకు కబురు చేరదు గనుక నాన్నకు చెప్పాల్సింది అమ్మే.

దివిసీమ లంకల్లో తిరిగేవారికైతే నేను ఓన్‌ట్రాక్స్ అనే లొకేషన్ యాప్‌ను ముందు పెడతాను. వాడకం హోమ్ అసిస్టెంట్ యాప్ అంత సులువు కాదు. నెట్ లేనప్పుడు మాత్రం అది కబుర్లను దాచి, సిగ్నల్ దొరకగానే పంపుతుంది. ప్రతి కబురులోనూ ఆ చోటు పట్టిన సమయం ఉంటుంది. అరగంట ఆలస్యంగా వచ్చినా అది అరగంట పాతదని చదివేవాడికి తెలుస్తుంది. లైటు వెలిగించడానికి అది పనికిరాదు. ఏ రేవు దగ్గర, ఏ వేళకు కబురు తెగిందో చూడటానికి పనికొస్తుంది.