ఎవరి నడుము కొలత?

పోయిన శనివారం హైదరాబాద్ నుంచి రాజమండ్రికి కారులో బయల్దేరాను. చౌటుప్పల్ దాకా బాగానే ఉంది. నార్కట్‌పల్లి దాటేసరికి నడుము కింద కుడివైపు చిన్నగా పట్టింది. సూర్యాపేటలో దిగి టీ తాగేటప్పటికి ఆ పట్టు తొడ వెనక నుంచి మోకాలిదాకా పాకింది. ఏలూరు దాటాక ఇక రోడ్డు మీద కంటే నొప్పి మీదే ధ్యాస. రాజమండ్రిలో అక్కయ్య వాళ్ల గుమ్మం ముందు కారు దిగి, నిటారుగా నిలబడటానికి తలుపు పట్టుకోవాల్సి వచ్చింది. "ఏమిట్రా, అలా ఒంగిపోయావు?" అంది అక్కయ్య, నా చేతిలో సంచి అందుకుంటూ.

నిజానికి ఈ ప్రయాణానికి నేను ముందే ఏర్పాట్లు చేసుకున్నాను. సీటు మీద పరచడానికి జెల్ కుషన్ ఒకటి, నడుము వెనక పెట్టుకోవడానికి దిండు ఒకటి, వీపుకు గాలాడేందుకు చెక్కపూసల చాప ఒకటి. కారు కొన్నరోజే వేయించిన దళసరి సీటు కవరు ఎలాగూ ఉంది. ఇన్ని ఉన్నా నడుము నిలవలేదంటే అసలు సీటులోనే లోపం ఉందని తీర్మానించేసుకున్నాను.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదల కొత్త కాదు. రెడీమేడ్ చొక్కాల మీద రాశాను, చెప్పుల మీద రాశాను. నవారు మంచం గురించి రాసిన వారమైతే, మీ ఇళ్లలో మంచాలు ఎవరు ఎలా నేసేవారో చెబుతూ వచ్చిన ఉత్తరాలు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నాయి. మనిషిని ఎదురుగా నిలబెట్టి కొలత తీసుకుని చేసిన వస్తువుకు సాటి లేదని నా నమ్మకం. మరి రోజంతా కూర్చోవలసిన కారు సీటుకు నా కొలత ఎవరు తీసుకున్నారు? తిరుగు ప్రయాణంలో విజయవాడ ఆటోనగర్‌లో ఆగి, మంచి మేస్త్రిని వెతికి, సీటు మొత్తం విప్పించి నా ఒంటికి సరిపడేలా కుట్టించుకుందామని నిర్ణయించుకున్నాను.

ఆటోనగర్ అనగానే నాకు మా మేనమామ గుర్తొస్తాడు. ఆయన చాసీ డ్రైవరు. ఈ తరం పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చు. ఆ రోజుల్లో లారీని ఫ్యాక్టరీ పూర్తిగా కట్టి అమ్మేది కాదు. ఇంజను, చక్రాలు, స్టీరింగు, పొడవాటి ఇనప చట్రం, అంతే. క్యాబిన్, బాడీ మనవాళ్లు ఇక్కడ చెక్కతోనూ రేకుతోనూ కట్టుకోవాలి. ఆ చట్రాన్ని ఫ్యాక్టరీ నుంచి ఇక్కడిదాకా రోడ్డు మీద నడుపుకొచ్చేవాడే చాసీ డ్రైవరు. తలుపుల్లేవు, కప్పు లేదు. ముఖానికి తువాలు చుట్టుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ఒకరి వెనక ఒకరు వరసగా వచ్చేవారు. మద్రాసు నుంచి బెజవాడకు 400 కిలోమీటర్ల పైమాటే. ఆ దూరమంతా మావయ్య కూర్చున్నది ఒక చెక్కపలక మీద.

పలక మీద వేసుకోవడానికి ఇంటి నుంచి గోనెసంచి పట్టుకెళ్లేవాడు. అందులో వరిగడ్డి కూరడం నాకూ మా అక్కకూ పని. మేం వదులుగా కూరితే ఒప్పుకునేవాడు కాదు. "మెత్తగా ఉండకూడదర్రా, ఎగరేస్తుంది. కాళ్లతో తొక్కి కూరండి" అనేవాడు. సంచిలోకి దిగి తొక్కేవాళ్లం. ఆ గడ్డి నలిగిన వాసన, సంచి నార అరికాళ్లకు గరుకుగా తగలడం నాకింకా తెలుస్తూనే ఉంది. మూతి దగ్గర మావయ్య దబ్బనంతో పురికొస కుట్టుకుంటూ, సంచిని మోకాలితో నొక్కి చూసేవాడు. చెయ్యి పెడితే చెక్కలాగే ఉండేది. మెత్తగా లేకపోతే సంచి ఎందుకని నాకు అనుమానం.

ఆయన మాటకు కారణం చాలా ఏళ్ల తరవాత, వాహనాల కుదుపు గురించి చదివినప్పుడు దొరికింది. కూర్చున్న మనిషి వెన్నును అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది సెకనుకు 4 నుంచి 8 సార్లు కిందికీ పైకీ ఊపే కుదుపు. మనిషి ఒంటికి కుదుపు ఎంత సోకుతుందో కొలవడానికి 1974లో వచ్చిన ఐఎస్ఓ 2631 ప్రమాణం కూడా ఈ హద్దులనే గుర్తించింది. మామూలు స్పాంజి సీటు మీద మనిషి కూర్చుంటే అది సెకనుకు 4 సార్లకు దగ్గరలోనే బాగా ఊగుతుంది. అంటే ఆ హద్దులో వచ్చే కుదుపును రోడ్డు ఎంత ఇస్తే అంతకంటే పెంచి వెన్నుకు అందిస్తుంది. చేత్తో నొక్కినప్పుడు హాయిగా ఉన్న మెత్తదనమే, బండి కదిలాక శత్రువవుతుంది. మావయ్యకు ఈ అంకెలు తెలియవు. సంచి మీద ఎగిరెగిరి పడి తెలుసుకున్నాడు.

తెలుసుకున్నా ఆయన నడుము దక్కలేదు. నలభై ఐదేళ్లకే నేలమీద బాసింపట్టు వేసుకోవడం మానేశాడు. పెళ్లిళ్లకు వచ్చేవాడు, అక్షింతలు వేసేవాడు, పంక్తిలో మాత్రం కూర్చునేవాడు కాదు. ఇంటికొచ్చాక అత్తయ్య కంచంలో వడ్డించి ఇస్తే వంటింటి గట్టు దగ్గర నిలబడి తినేవాడు. అందరూ అది ఆయన అలవాటు అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఆటోనగర్‌లో ఒకరినొకరు అడిగి పంపితే ఒక కుషన్ షెడ్డుకు చేరాను. గోడకు రెగ్జిన్ చుట్టలు, మూల స్పాంజి పలకలు, కొబ్బరిపీచు దిమ్మలు, మధ్యలో కుట్టు మిషను. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. నా సంగతి చెప్పి, సీటు మొత్తం కొత్తగా కుట్టాలన్నాను. ఆయన సీటు వంక చూడకుండా నా వంక చూసి, "పర్సు ఎక్కడ పెట్టుకుంటారు సార్?" అని అడిగారు.

వెనక జేబులో. కుడివైపు.

"అదిచ్చి కూర్చోండి." పర్సు తీసుకుని మిషను మీద పెట్టారు. ఒక పిరుదు కింద అంగుళం ఎత్తు పెట్టుకుని కూర్చుంటే నడుము రెండో పక్కకు ఒంగుతుందనీ, నేను రాజమండ్రి దాకా 400 పైచిలుకు కిలోమీటర్లు ఒంగే నడిపాననీ, కాలికి వెళ్లే నరం కూడా అక్కడే నలుగుతుందనీ చెప్పారు. తరవాత జెల్ కుషన్ తీసేశారు. దిండు తీసేశారు. పూసల చాప తీసేశారు. అన్నీ పర్సు పక్కన చేరాయి. సీటు కవరు కూడా విప్పుతానంటే సరేనన్నాను. విప్పాక సీటు పక్కన కుట్టిన చిన్న చీటీ చూపించారు. ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంది. గుద్దుకున్నప్పుడు సంచి ఈ కుట్టు చీల్చుకుని బయటికి రావాలి. దళసరి కవరు వేసి ఆ దారి మూసేశారు. నా నొప్పి సంగతి పక్కన పెడితే, ఇన్నాళ్లూ ఇంటిల్లిపాదినీ ఆ సీట్లలో కూర్చోబెట్టి తిప్పానన్న ఆలోచనకు గుండె ఝల్లుమంది. మీ కారు సీటు పక్కన అలాంటి చీటీ ఉందేమో ఇవాళే చూసుకోండి.

అప్పుడు స్పాంజి నొక్కి చూశారు. "ఇది అచ్చులో పోసింది సార్. మధ్యలో ఒకలాగ, పక్కల్లో గట్టిగా వస్తుంది. నేను పలకలు కోసి అతికిస్తాను. ఎంత కుట్టినా ఇలా రాదు." అందరూ వచ్చి 40 డెన్సిటీ వెయ్యమంటారనీ, ఆ అంకె గట్టిదనానిది అనుకుంటారనీ చెప్పారు. అది ఘనపు మీటరు స్పాంజి ఎన్ని కిలోలు తూగుతుందో చెప్పే లెక్క. ఎన్నాళ్లు కుంగకుండా నిలుస్తుందో దాన్నిబట్టి కొంత అంచనా వెయ్యొచ్చు. గట్టిదనం లెక్క వేరు.

తరవాత పావుగంట నన్ను అమర్చారు. అమర్చారనే అనాలి. పిరుదులు సీటు మూలకు ఆనేదాకా వెనక్కి జరగమన్నారు. క్లచ్ పూర్తిగా తొక్కించి, అప్పటికీ మోకాలు కొద్దిగా వంగి ఉండేంత దగ్గరికి సీటు జరిపారు. నేను ఇన్నాళ్లూ రెండు మెట్లు దూరంగా కూర్చుంటున్నాను. వీపు ఆనించి చేతులు చాపితే మణికట్లు స్టీరింగు పైఅంచు మీద పడేదాకా వీపుపలక లేపారు. సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య తన రెండు వేళ్లు దూర్చి చూశారు. చివరికి ఒక పాత తువాలు మణికట్టు లావున చుట్టి, బెల్టు పెట్టుకునే చోట నడుము గుంటలో దోపారు. నా దిండు దానికి నాలుగింతలుంది. అది నడుమును నిలపకుండా ఒంటిని మొత్తం ముందుకు తోసిందన్నమాట.

స్వీడన్‌లో ఆల్ఫ్ నాకెమ్సన్ అనే ఎముకల వైద్యుడు 1960లలో మనుషుల వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది దించి ఒత్తిడి కొలిచాడు. ఆనుడు లేకుండా కూర్చున్నప్పుడు, నిలబడ్డప్పటికంటే ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. తరవాతి కొలతల్లో, వీపు కొంచెం వెనక్కి వాల్చి, నడుము గుంటకు ఆసరా ఇస్తే తగ్గింది. ఆ ఆసరాయే ఇక్కడ పాత తువాలుగా నా వెనక ఉంది.

"మరి సీటు?" అన్నాను.

"సీటు బాగానే ఉంది సార్. రెండు గంటలకోసారి దిగి నడవండి, చాలు."

నాకు సంతోషం కలగలేదు. ఇంత పనితనం ఉన్న మనిషి ఫ్యాక్టరీ సీటుకు తల వంచడం నాకు నచ్చలేదు. కొలత తీసుకుని చేసేది చెయ్యే కదా, యంత్రానికి నా ఒళ్లు ఎలా తెలుస్తుందని వాదించాను. ఆయన షెడ్డు మూల నేలమీదున్న లారీ సీటు చూపించారు. పెట్టెలాంటి అడుగు, నిటారు పలక, పైన స్పాంజి, ఎర్ర రెగ్జిన్, అంచున పసుపు పైపింగు. కుట్టు ఎక్కడా వంకర పోలేదు.

"దీనికి ఎవరి కొలత తీసుకున్నాననుకుంటున్నారు?"

నేను జవాబు చెప్పలేదు.

"డబ్బిచ్చేది ఓనరు సార్. కూర్చునేది డ్రైవరు. ఈ నెల పొట్టివాడు ఎక్కుతాడు, వచ్చే నెల ఆరడుగులవాడు. ఇది ముందుకు జరగదు, వెనక్కి వాలదు. నలభై ఏళ్లలో నా దగ్గరికొచ్చి కొలత ఇచ్చిన డ్రైవర్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు."

ఇన్నేళ్లుగా నేను రాస్తూ వచ్చిన మాటలో ఎక్కడ తప్పిందో నాకు అప్పుడు తెలిసింది. చొక్కా కుట్టించుకునేవాడే తొడుక్కుంటాడు. మంచం నేయించుకునేవాడే పడుకుంటాడు. లారీ సీటు అలాంటిది కాదు. అక్కడ చేతిపని ఎంత గొప్పదైనా, కొలత డబ్బిచ్చేవాడి జేబుది. నన్ను చూడని ఫ్యాక్టరీ సీటుకు ముందుకూ వెనక్కీ జరగడం, వాలడం తెలుసు. అందుకే పావుగంటలో నాకు సరిపోయింది. మావయ్య పలకకు ఏ కదలికా లేదు, మేమే గడ్డి తొక్కాం.

మూడున్నర టన్నులు దాటిన కొత్త లారీలకు 2025లో ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ సీటు గురించి కూడా అంత గట్టిగా అడగాలి. కింద సస్పెన్షన్ ఉండి, సెకనుకు ఒకటి రెండు సార్లకు మించకుండా నెమ్మదిగా ఊగే సీట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. అవి ఆ 4-8 కుదుపును చాలావరకు మింగేస్తాయి. డ్రైవరు తన బరువుకు తగ్గట్టు మీట సరిచేసుకోవాలి. అది చూపించే మనిషి కూడా ఉండాలి. ఇక గంటల సంగతి. 2025 దాకా అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అంది. ఏకబిగిన 5 గంటలు దాటకుండా అరగంట విశ్రాంతి అంది. హైవే పక్క ఢాబాలో ఏ లారీ డ్రైవరునైనా అడిగి చూడండి, అది ఎంతవరకు జరిగిందో.

కంపెనీ క్యాబిన్లు వస్తే మీ పని పోదా అని మేస్త్రి గారిని అడిగాను. "ఇప్పటికే సగం తగ్గింది సార్. తగ్గనీండి. మా అల్లుడు లారీయే నడుపుతాడు" అన్నారు. ఈ పని బతకాలని రాద్దామనుకున్నాను నేను. అది పోయినా ఫర్లేదని ఆయన అంటున్నారు. ఆయన మాటే న్యాయమని ఒప్పుకుంటున్నాను.

నేను లేచేసరికి ఆ ఎర్ర సీటు తీసుకెళ్లడానికి కుర్ర డ్రైవరు ఒకతను వచ్చాడు. సీటును భుజానికెత్తుకోబోతుంటే మేస్త్రి ఆపారు.

"ఆగు తమ్ముడూ. దించి ఓసారి కూర్చో."

"ఎందుకు భాయ్, ఓనరు గారు చూసి డబ్బులిచ్చేశారు కదా."

"కూర్చో."

అతను తటపటాయిస్తూ నా వంక చూసి, కూర్చున్నాడు. పాదాలు నేలకు సరిగ్గా ఆనలేదు. సీటు అంచు మోకాలి మడతలో గుచ్చుకుంటోంది. మేస్త్రి వంగి అక్కడ రెండు వేళ్లు దూర్చబోయారు. దూరలేదు. చెవి మీదున్న సుద్దముక్క తీసి, ఎర్ర రెగ్జిన్ మీద రెండంగుళాల లోపలికి గీత గీసి, కుట్టు విప్పడానికి బ్లేడు అందుకున్నారు.