వెలివాడ ముందు ప్రేక్షకుడు

జనానికి కళ పట్టదని కళావిమర్శకులు తరచూ వాపోతుంటారు. ఈ మాట మేం ఒప్పుకోం. పట్టనితనం తెలియక వచ్చేది కాదు, ఊరికీ వాడకూ నడుమ గీసిన గీత నేర్పిన చదువది. వాడలో ఏం జరిగినా ఊరు చూడకుండా పోవచ్చు. ఈ సౌకర్యానికే ఉదాసీనత అని మర్యాదగా పేరు పెట్టారు.

బనగానపల్లెనే చూడండి. నవాబు బంగళా 'అరుంధతి' (2009) సినిమాలో కనబడ్డాక యాడాడి నుంచో వచ్చి చూసిపోతున్నారు. మరి జనానికి చూసే ఓపిక లేదని ఎట్లంటాం? అరుంధతీయులన్నది మాదిగలు తమకు పెట్టుకున్న పేరు. సినిమాలో ఆ పేరు సంస్థానపు ఆడబిడ్డది. అచ్చమ్మ ఇంట పశువులు కాసిన వీరబ్రహ్మం ఇక్కడి రవ్వలకొండలో కాలజ్ఞానం రాశాడంటారు. ఆయన శిష్యుల్లో దూదేకుల సిద్దయ్యతోపాటు మాదిగ కక్కయ్యా ఉన్నాడు. కక్కయ్య కథ చెప్పుకొని మురుస్తారు గానీ, ఆయన వాడ ఊరికి ఏ దిక్కున ఉండెనో ఎవరడుగుతారు?

ఈ చూపును 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అడ్డగించారు. హాస్టళ్ల నుంచి గెంటేసిన ఐదుగురు దళిత పరిశోధకులు షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర అంబేడ్కర్, ఫూలే, సావిత్రీబాయి బొమ్మల ఫ్లెక్సీలతో గుడారం వేసి 'వెలివాడ' అన్నారు. లోకం దాన్ని నిరసన శిబిరమంది. మేం కళారూపమని కూడా అంటున్నాం. గ్యాలరీకి పోనివాణ్ణి ఎవరూ అడగరు. టీకి పోతూ వెలివాడను చూడకూడదనుకుంటే మాత్రం తల తిప్పుకోవాల్సిందే. తల తిప్పుకున్నోడు ఇక అమాయకుడు కాడు. దాచిన ఊరి పటాన్ని చదువుల గుడి నడుమ పరచడమే ఆ రూపం చేసిన పని.

దీని వేర్లు పడమటి కళా ఉద్యమాల్లో వెతకనక్కర్లేదు. 1985లో కారంచేడు బాధితులు చీరాలలో శిబిరం వేశారు. 1991లో చుండూరు మృతులను ఊరి నడుమనే పూడ్చి, ఆ చోటును రక్తక్షేత్రమన్నారు. వెనక్కి నెట్టిన దాన్ని నడిబొడ్డుకు తేవడం మన శిల్పం. పలక మోత కూడా అంతే, వినకుండా ఉండనీయదు.

అయితే ఒక మాట చెప్పాలి. ఆ ఐదుగురిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. అప్పటినుంచి వెలివాడ స్మారకం కూడా అయింది. శోకం న్యాయమే. కానీ స్మారకం ముందు ప్రేక్షకుడికి పని సులువవుతుంది. దండ వేసి, దణ్ణం పెట్టి, ఫొటో దిగి పోవచ్చు. బతికున్నోళ్ల గుడారం 'నువ్వెక్కడ నిలబడ్డావ్?' అని అడిగింది. చనిపోయినవాడి బొమ్మ ముందు ఆ ప్రశ్న మెత్తబడే ప్రమాదముంది. భక్తి కూడా పట్టనితనానికి ఒక వేషమే. కక్కయ్యకు జరిగిందదే.

2019 జనవరిలో యాజమాన్యం వెలివాడను తొలగించింది. ఎవరికీ పట్టని వస్తువునైతే తీసేయాల్సిన అవసరం ఎవరికుంటుంది? కాబట్టి దళిత కళాకారుల ముందున్న ప్రశ్న జనాన్ని ఎట్లా రప్పించాలన్నది కాదు. వాళ్లు రోజూ నడిచే దారిలో వాడను ఎట్లా నిలబెట్టాలన్నది. నిలబెట్టాక అది గుడి కాకుండా ఎట్లా కాపాడుకోవాలన్నది అంతకన్నా కష్టమైన ప్రశ్న.