పురుగు చెప్పే లెక్క

"నిన్నే సూసేను బాబూ."

నందిగాం మండలంలో పురుగు పట్టిన పుండు ఉన్న ఏ పశువుల సాలకెళ్లి, ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగినా వినపడే జవాబు ఇదే. ఈ వారం కూడా విన్నాను. వారం నిండని పెయ్యదూడ. బొడ్డు పచ్చిపుండై వాచింది. పురుగులు ఏరుతున్న కుర్ర పశువైద్య సహాయకుడు తలెత్తకుండానే, "ఇవి నిన్నటివి కావు మామ్మా, నాలుగు రోజులవి. అబద్ధమెందుకు?" అని విసుక్కున్నాడు. దూడను పెంచే ఆ మామ్మ మొహం చిన్నబోయింది. పశువైద్య ఉద్యోగం నుంచి దిగిపోయినా పుండంటే చెయ్యి ఊరుకోదు కదా, దూడ కాళ్లు పట్టుకుని నేనూ అక్కడే కూర్చున్నాను.

లెక్క ప్రకారం కుర్రాడి మాటే ఒప్పు. మన పశువుల పుండ్లకు అసలు శత్రువు క్రైసోమియా బెజ్జియానా అనే ఈగ. నీలం, పచ్చ కలిసి మెరిసే ఒళ్లు, నారింజ రంగు మొహం. పుండు అంచున ఒక్క విడతలో 150 నుంచి 200 దాకా గుడ్లు పెడుతుంది. ఒక రోజు తిరక్కుండానే అవి పగులుతాయి. ఈ జాతి పిల్లలు కుళ్లిన మాంసం కోసం రావు, బతికున్న కండనే తింటాయి. తల లోపల, తోక బయట పెట్టి గుంపుగా తొలుచుకుపోతాయి. ఊపిరి తీసుకునే రంధ్రాలు తోక వైపే ఉంటాయి. అందుకే టర్పెంటైన్‌లో తడిపిన దూది పుండులో కూరితే ఊపిరాడక పైకి వస్తాయి. ఆరేడు రోజుల్లో నిండా పెరిగి, నేల మీద రాలి, మట్టిలో దూరి గూడు కట్టుకుంటాయి. అంటే పురుగు పొడవు చూసి ఈగ ఎప్పుడు వాలిందో చెప్పొచ్చు. ఆ రోజు ఫోర్సెప్స్ మొనన మెలికలు తిరుగుతున్నది బియ్యపు గింజను ఎప్పుడో దాటిపోయింది. ఒంటి చుట్టూ నల్లటి ముళ్ల వరసలు కంటికి ఆనుతున్నాయి. అది నిన్నటిది కానే కాదు.

ఈగలనూ, ఈ లెక్కనూ సాక్ష్యంగా తీసుకునే శాస్త్రం ఒకటి నేరపరిశోధనలో ఉంది. చైనాలో సాంగ్ సీ అనే న్యాయాధికారి 1247లో రాసిన గ్రంథంలో ఒక హత్య కథ ఉంది. శవం మీద కొడవలి గాట్లున్నాయి. విచారణకొచ్చిన అధికారి ఊళ్లోని కొడవళ్లన్నీ తెచ్చి వరసగా పరిపించాడు. నెత్తుటి వాసనకు ఒక్క కొడవలి మీదే ఈగలు ముసిరాయి. దాని యజమాని నేరం ఒప్పుకున్నాడు. కోతల కాలంలో ఇంటింటా చూరుకు కొడవలి వేలాడే మనకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

నాకు అంతకన్నా ఇష్టమైనది ఫ్రాన్స్‌లోని అర్బువా ఊరి కేసు. 1850లో ఒక ఇంటికి మరమ్మతు చేస్తుంటే పొగగూడు వెనక ఎండిపోయిన పసిబిడ్డ శవం బయటపడింది. అందరి వేళ్లూ ఆ ఇంట్లో కాపురమున్న జంట మీదికే లేచాయి. బెర్జెరే అనే డాక్టరు శవంలోని ఈగ గూళ్లు, చిమ్మట పురుగులు పరిశీలించి, బిడ్డను అక్కడ దాచింది 1848లో అని తేల్చాడు. అప్పటికి ఆ జంట ఆ ఇంటికే రాలేదు. వాళ్ల మీద అనుమానం తొలగిపోయింది.

ఈగ పిల్లలతో వైద్యం కూడా చేస్తారట కదా, మరి దూడ పుండులోవి తీయడమెందుకని కొందరు పాఠకులు అడుగుతుంటారు. చేస్తారు. అర్బుదం మీద లేపనం పూసి ఈగలు వాలనిచ్చి, పురుగులు తినగా మిగిలినదాన్ని గీకి కాల్చమని సుశ్రుత సంహితలోనే ఉంది. 1917లో యుద్ధభూమిలో ఏడు రోజులు పడి ఉన్న ఇద్దరు సైనికుల గాయాల నిండా పురుగులుండటం, అవి తీసేస్తే అడుగున ఆరోగ్యంగా ఎర్రటి కండ కనపడటం విలియం బేర్ అనే అమెరికా సర్జన్ చూశాడు. 2004లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఈ చికిత్సకు అనుమతిచ్చింది. అయితే వాడేది లూసీలియా సెరికాటా జాతి. అది చచ్చిన కండనే కరిగించి తింటుంది, పైగా క్రిములు లేకుండా శుద్ధి చేసి పెంచినది. మన సాలలో పుండుకు పట్టేది అది కాదు. కనపడిన ప్రతి పురుగునూ తీసేయాల్సిందే.

మళ్లీ మామ్మ దగ్గరికి వద్దాం. "నానేటి అబద్ధమాడతానా బాబూ," అంది చాలాసేపటికి. కొడుకు వలసపోయి వేరావల్ చేపల బోట్ల మీద ఉన్నాడు. కోడలు తెల్లవారకముందే పలాసలో జీడి బట్టీకి పోతుంది. గొడ్లకు గడ్డి వేసేది మసక చీకట్లో, అదీ మామ్మే. దూడను కట్టింది చీకటి మూల. ఆమెకు పుండు తెలిసింది కంటితో కాదు, వాసనతో. ఆ వాసన నిజంగానే నిన్న వచ్చింది. పురుగు వయసు చూసి ఈగ ఎప్పుడు వాలిందో చెప్పొచ్చు గానీ మనిషికి ఎప్పుడు తెలిసిందో చెప్పలేం. కుర్రాడు లెక్క తప్పలేదు, ఆమెను దోషిగా నిలబెట్టడమే తప్పు. బెర్జెరే ఆ లెక్కతోనే ఒక జంటను కాపాడాడని మన సహాయకులు గుర్తుంచుకోవాలి. మగవాళ్లు వలసపోయిన మా ఉద్దానం ఊళ్లలో పశువుల పెంపకం చాలావరకు ఇప్పుడు ఇలాంటి చూపు ఆనని అమ్మల చేతుల్లోనే ఉంది.

కాబట్టి దూడ పుట్టగానే బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పట్టించండి. బొడ్డు, కొమ్ము మొదలు, గిట్టల సందు రోజూ పగటి వెలుగులో ఒకసారి చూడండి. ఇంట్లో చూపు ఆనే వాళ్లు లేకపోతే పక్కింటి బడిపిల్లను పిలవండి. పురుగు కనపడితే ఫినాయిల్, కిరోసిన్ పోయొద్దు, బతికిన కండ కూడా కాలిపోతుంది. ఈ మాట ఇంతకుముందు ఎన్నోసార్లు రాశాను, ఇంకా రాస్తాను. 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్యం బండి వస్తుంది.

సహాయకులకు ఒక మనవి. "ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని అడగకండి, అది పురుగే చెబుతుంది. "మామ్మా, మీకు ఎప్పుడు కనపడింది?" అని అడగండి. రెండు తేదీలూ చికిత్స కార్డులో రాయండి.