ఆదివారం నూనెగిన్నె

వేములవాడలో బస్సు మారి చందుర్తిలో దిగేసరికి పొద్దు తొమ్మిదవుతుంది. అప్పటికే అమ్మ పీట ఎండలో వేసుకుని కూర్చుని ఉంటుంది. పక్కన వేడినీళ్ల గిన్నె, ఆ నీళ్లలో నువ్వులనూనె పోసిన చిన్న స్టీలు గిన్నె. నేను సంచి లోపల పెట్టి, చేతులు కడుక్కుని, ఆమె వెనక కూర్చుంటాను. నాలుగు నెలలుగా మా ఆదివారం ఇట్లాగే మొదలవుతోంది.

అమ్మకు డెబ్బై రెండేళ్లు. అందులో నలభై ఏళ్లు బీడీలు చేసింది. చాట ఒళ్లో పెట్టుకుని, మెడ వంచి, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. ఒక్క బీడీకి ఇన్ని పనులు. వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యేదాకా చూపు చాటలోంచి లేవదు. ఇప్పుడామె కుడి భుజం ఎడమదానికంటే రవ్వంత ఎత్తుగా ఉంటుంది. మెడకూ భుజానికీ మధ్యనున్న కండను మొదటిసారి పట్టుకున్నప్పుడు, నానబెట్టని చింతపండు ముద్దను పట్టుకున్నట్టనిపించింది. కోరుట్ల, జగిత్యాల వైపు ఏ వాడకు పోయినా ఇలాంటి భుజాలు కనబడతాయి. సిరిసిల్లకు పోతే సాంచాల, అంటే మరమగ్గాల, మధ్య రోజంతా నిలబడి అరిగిన మోకాళ్లు కనబడతాయి. ఈ భుజాలు, ఈ మోకాళ్లు ఉన్న ఇళ్లలో చాలావాటి కొడుకులు దుబాయిలోనో సౌదీలోనో ఉన్నారు.

మా తమ్ముడూ అక్కడే. సెలవు మీద వచ్చినప్పుడల్లా టైగర్ బామ్ సీసాలు తెస్తాడు. అమ్మ వాటిని గూట్లో వరసగా పేర్చుకుంది. అందులో సగం మూత తీయనివే. ఎందుకు రాసుకోవట్లేదని అడిగితే, "నా ఈపుకు నా చెయ్యి అందుతదా బిడ్డా?" అన్నది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. మన తెలుగువాళ్లకు నొప్పి మందు అంటే చిన్నప్పటి నుంచీ అమృతాంజనమే గుర్తు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టి, ఆ సంపాదనతోనే 1908లో ఆంధ్రపత్రికను నిలబెట్టారు. ఆయన సీసా ఇవ్వగలిగారు. రుద్దే చెయ్యి మాత్రం ఇంట్లోనే ఉండాలి.

ఆ చెయ్యి ఒకప్పుడు మా ఇంట్లో ఉండేది. నా కొడుకు పుట్టినప్పుడు అమ్మ కాళ్లు చాపుకుని, వాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, తల నుంచి పాదం దాకా నూనె రాసేది. నాకూ బాలింత స్నానానికి ముందు నడుముకు, తొడలకు పట్టుబట్టి మర్దన చేసేది. ఆ పనిలో ఆమెకు వాడలో పేరుంది. మరి ఆమెకు ఎవరు రాశారు? లెక్కేసి చూశాను. మా తమ్ముడు పుట్టినప్పుడు బాలింతగా రాయించుకున్నదే చివరిసారి. దానికి నలభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. ఆ తర్వాత ఆమె భుజానికి తగిలినవల్లా బీపీ చూసే మిషను పట్టీ, దవాఖాన సూదులే. పసిపిల్లలను అంతగా తడుముతాం, నిమురుతాం, ముద్దుచేస్తాం. ముసలివాళ్లను దూరం నుంచి "గోలీలు ఏసుకున్నవా?" అని అడిగి ఊరుకుంటాం.

మొదట్లో ఒప్పుకోలేదు. "ఆడిబిడ్డవు, నీతోని కాళ్లు పట్టిచ్చుకుంటరా? నాకు పాపం" అని కాళ్లు లోపలికి ముడుచుకుంది. సరే, కాళ్లు వద్దు, చెయ్యియ్యమన్నాను. చెయ్యి ఇచ్చింది. అది మంచికే అయింది, ఆమెకు అసలు బాధ అక్కడే ఉంది. వేళ్లు పట్టేసి పొద్దున్నే గ్లాసు కూడా పట్టలేకపోయేది. నేను వేళ్లనే నొక్కుతూ కూర్చునేదాన్ని. ఫిజియోథెరపీ చేసే ఒకావిడ చూసి, మోచేతికీ మణికట్టుకూ మధ్య చెయ్యమని సరిదిద్దింది. వేళ్లను ముడిచే, చాపే కండల్లో పెద్దవి వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి సన్నటి నరాల్లాంటి పట్టీలు వచ్చి వేళ్లను లాగుతాయి. బీడీ మూతి మడిచిన ప్రతిసారీ కష్టపడ్డది ఆ ముంజేయి. ఇప్పుడు అరచేత్తో మణికట్టు నుంచి మోచేతి వైపుకు, అంటే గుండె వైపుకు, మెల్లగా జరుపుతాను. బొటనవేలి కిందనున్న గుబ్బను గుండ్రంగా తిప్పుతాను. చివర్న ఒక్కో వేలిని పిడికిట్లో పట్టుకుని కాసేపు అలాగే ఉంచుతాను. మోకాలికి మూడో నెలలో అనుమతి దొరికింది. మోకాలి చిప్ప మీద అసలు నొక్కను. దానికి పైన తొడ ముందుభాగపు కండను, వెనక పిక్కను పట్టుకుంటాను. మోకాలికి ఆసరాగా నిలిచేది ఆ తొడ కండే.

ఒక తప్పు చెప్పుకోవాలి. రెండో వారం, బలంగా రుద్దితేనే నొప్పి పోతుందని నమ్మి బొటనవేళ్లతో గట్టిగా ఒత్తాను. అమ్మ కిమ్మనలేదు. తెల్లారి ఫోన్ చేస్తే, చెయ్యి నీలంగా కమిలిందని పక్కింటావిడ చెప్పింది. అమ్మ గుండె కోసం రక్తం పలుచబడే గోలీ వేసుకుంటుంది. నాకు తెలిసీ ఆ సంగతి గుర్తుపెట్టుకోలేదు. ముసలివాళ్ల చర్మం ఉల్లిపొరలాంటిది, కింద కొవ్వు మెత్త తగ్గిపోయి ఉంటుంది. నూనె ఎక్కువ, ఒత్తిడి తక్కువ ఉండాలి. ఎముకలు గుల్లబారినవాళ్ల వీపు మీద పిల్లలను నడిపించే పాత అలవాటు మానుకోవాలి. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లకు నూనె వేడి తెలియదు, రాసేవాళ్లే తమ చేతి మీద చూసుకోవాలి. ఒక కాలు మాత్రమే వాచి, వేడిగా నొప్పిగా ఉంటే దాన్ని ముట్టుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే, మర్దనతో ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదముంది. మెడను పటుక్కుమనిపించడం ఎవరి చేతా చేయించకండి. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలు అక్కడి నుంచే పోతాయి. ఇంకొకటి, నూనె అరికాళ్లతో బండల మీద నడవనివ్వకూడదు. ముసలితనంలో ఒక్క జారుడు చాలు, తుంటి ఎముక విరిగి మంచాన పడటానికి.

మర్దన మేలు చేస్తుందన్నది నా ప్రేమ కొద్దీ అంటున్న మాటేనా అని నాకూ అనుమానం వచ్చి వెతికాను. అమెరికాలో మోకీళ్లు అరిగిన 222 మందిపై చేసిన ఒక పరిశోధన 2019లో అచ్చయింది. వారానికొకసారి, గంటసేపు, ఎనిమిది వారాలు ఒళ్లంతా మర్దన చేయించుకున్నవాళ్లకు నొప్పి, బిగువు బాగా తగ్గాయి. మర్దన లేకుండా ఊరికే చేతులు ఆనించడమే జరిగినవాళ్లకంటే ఎక్కువగా తగ్గాయి. అయితే ఏడాది తిరిగేసరికి ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. అరిగిన గుజ్జు మర్దనతో మళ్లీ పుట్టదు. నొప్పి కొంత వెనక్కి జరుగుతుంది, కదలిక కాస్త సులువవుతుంది. ఆ సులువులోనే నాలుగడుగులు నడిపించుకోవాలి. డాక్టరు రాసిన గోలీలు ఆపమని మాత్రం ఎవరూ చెప్పకూడదు.

స్పర్శ గురించి చదివింది నన్ను ఇంకా కదిలించింది. వెంట్రుకలుండే చర్మంలో, అంటే ముంజేయి, వీపు లాంటి చోట్ల, మెల్లగా నిమిరితేనే బాగా పలికే నరాలున్నాయట. చెయ్యి సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల లోపు కదలాలి, ఒంటి వెచ్చదనంతో ఉండాలి. గబగబా రుద్దితే అవి అంతగా పలకవు. అవి మెదడుకు చేర్చేది ఎక్కడ తగిలిందన్న సమాచారంకంటే, ఎవరో దగ్గరున్నారన్న హాయి. నా కొడుక్కు నూనె రాసేటప్పుడు అమ్మ చెయ్యి కదిలింది సరిగ్గా ఆ వేగంతోనే. ఆమెకు ఎవరూ సెంటీమీటర్లు చెప్పలేదు.

నూనె పెట్టిన ఇరుసులాగా, మర్దన చేసిన ఒళ్లు కష్టానికి ఓర్చుకుంటుందని చరక సంహిత అంటుంది. ఇది చెబితే అమ్మకు మన ఎడ్లబండి కందెన గుర్తొచ్చింది. నాకు సిరిసిల్ల గుర్తొచ్చింది. సాంచాకు వేళకు నూనె వేసే మనిషి తన మోకాలికి ఏనాడైనా వేసుకున్నాడా?

మన ఊళ్లలో ఈ పని తెలిసిన చేతులు నాయీబ్రాహ్మణ కుటుంబాలవి. పెళ్లికొడుకు ఒళ్లు పట్టేది వాళ్లే, ఒకప్పుడు కాన్పు చేసి బాలింతను చూసుకున్నది ఆ ఇంటి ఆడవాళ్లే. కూలి కింద కళ్లంలో నాలుగు గింజలు పెట్టి, ఆ కులం పేరునే తిట్టుగా వాడిన ఊళ్లు మనవి. ఇవాళ అదే పనికి పట్నం స్పాలో వేలు చెల్లిస్తున్నాం. ఆ విద్యను తరతరాలుగా దాచి ఇచ్చినవాళ్లకు ఇవ్వాల్సిన గౌరవం ఇంకా ఇవ్వలేదు. అది నన్ను బాధపెడుతుంది.

నా చెయ్యి వారానికి ఒక్కరోజే. మిగిలిన ఆరు రోజుల సంగతి నన్ను తొలుస్తూనే ఉండేది. పోయిన ఆదివారం బస్సు ముందే అందింది. ఇల్లు చేరేసరికి పీట మీద అమ్మ లేదు, పక్కింటావిడ ఉంది. ఇద్దరూ ఒకే కార్ఖానాకు బీడీలు చేసినవాళ్లు. ఆమె ముంజేతిని ఒళ్లో పెట్టుకుని, మణికట్టు నుంచి మోచేతి వైపుకు, అమ్మ అరచేత్తో మెల్లగా జరుపుతోంది. గూట్లోని టైగర్ బామ్ సీసా ఒకటి మూత తీసి పక్కనే ఉంది. నన్ను చూసి అమ్మ చెయ్యి ఆపలేదు.

"కూసో బిడ్డా, ఈమెది ఇంకో చెయ్యి ఉన్నది" అన్నది.